టైర్లో గాలి మెల్లగా దిగిపోతుంటే: లీకు ఎక్కడుందో గాలి తగ్గే తీరే చెబుతుంది

చలి మొదలవగానే కార్లున్నవాళ్ల దగ్గర ఏటా వినిపించే మాట ఇది. పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద ఆశ్చర్యార్థకంతో పసుపు గుర్తు వెలుగుతుంది. బంకులో గాలి పట్టిస్తే ఆరిపోతుంది, వారం తిరక్కుండా మళ్ళీ వెలుగుతుంది. పంచర్ షాపుకు తీసుకెళ్తే టైరును నీళ్లలో తిప్పి చూసి "పంచరేమీ లేదన్నా" అంటారు. మరి గాలి ఎటు పోతోంది?

గాలి తగ్గితే హెచ్చరించే ఈ ఏర్పాటు ఒకప్పుడు ఖరీదైన కార్లకే ఉండేది. ఇప్పుడు మధ్యతరగతి కొనే కార్లలోకీ వచ్చింది. ఇంకో మార్పు కూడా జరిగింది. 2020 అక్టోబరు నుంచి, ట్యూబ్‌లెస్ టైర్లతో పాటు ఈ హెచ్చరిక ఏర్పాటు, పంచర్ రిపేర్ కిట్ ఉంటే 3.5 టన్నుల లోపు వాహనాల్లో స్టెప్నీ పెట్టాల్సిన పని లేదని మన మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. డిక్కీలో స్టెప్నీ ఉందన్న ధైర్యం లేని కార్లు రోడ్ల మీదికి వస్తున్నాయి కాబట్టి, మెల్లగా దిగే గాలిని ఇదివరకటిలా "పోనీలే, వారానికోసారి కొట్టిద్దాం" అని వదిలేయడం కుదరదు.

చిల్లు లేకుండానే తొమ్మిది పాయింట్లు ఎలా తగ్గుతాయి

ముందు తేల్చుకోవాల్సింది, గాలి తగ్గిన ప్రతిసారీ అది లీకు కాదని. టైరు లోపలి వైపు గాలిని ఆపడానికి బ్యూటైల్ జాతి రబ్బరుతో ఒక పలుచని పొర ఉంటుంది. టైర్లలో వాడే రబ్బర్లన్నిటిలో గాలిని బాగా ఆపేది ఈ రకమే. అయినా పూర్తిగా ఆపదు. కొత్త టైరు నుంచి కూడా నెలకు ఎక్కువలో ఎక్కువ ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం, వాడుకలో పాయింటు అనేది దీన్నే) దాకా గాలి రబ్బరు గుండానే బయటికి పోతుంది.

రెండోది ఉష్ణోగ్రత. మూసిన పాత్రలో గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. అయితే బంకులో గేజ్ చూపించే అంకె అసలు ఒత్తిడి కాదు. బయట వాతావరణం నొక్కే 14.7 పీఎస్ఐ కంటే లోపల ఎంత ఎక్కువ ఉందో మాత్రమే అది చెబుతుంది. లెక్క వేసేటప్పుడు ఆ 14.7 కలుపుకోవాలి, ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చుకోవాలి, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి.

ఆదిలాబాద్‌లో ఉన్న ఒక కారును తీసుకుందాం. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద 33 పీఎస్ఐ అని ఉంది. అక్టోబరులో ఒక మధ్యాహ్నం, బయట 33 డిగ్రీల ఎండలో, పాతిక కిలోమీటర్లు తిరిగొచ్చాక బంకులో 33 పట్టించారు. పరుగు మీద వేడెక్కిన టైరులో ఒత్తిడి నాలుగు పాయింట్ల దాకా పెరిగి ఉంటుంది. అంటే టైరు చల్లారాక అందులో నిజంగా ఉండేది 29. డిసెంబరులో ఒక పొద్దున 12 డిగ్రీలు ఉందనుకోండి. 29కి 14.7 కలిపితే 43.7. దాన్ని 285తో గుణించి 306తో భాగిస్తే 40.7. అందులోంచి 14.7 తీసేస్తే గేజ్ మీద కనిపించేది 26. ఈ రెండు నెలల్లో రబ్బరు గుండా ఎక్కువలో ఎక్కువ రెండు పాయింట్లు పోయాయనుకుని అవి కూడా తీసేస్తే 24.

33 పట్టించిన టైరులో ఇప్పుడు 24. ఎక్కడా మేకు గుచ్చుకోలేదు, చిల్లు పడలేదు. 2007 సెప్టెంబరు నుంచి ప్రతి కొత్త కారుకూ ఈ హెచ్చరిక ఏర్పాటును తప్పనిసరి చేసిన అమెరికా నిబంధన ప్రకారం, నిర్ణయించిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గితే గుర్తు వెలగాలి. 33లో 25 శాతం పోతే మిగిలేది 24.75. కాబట్టి ఆ కొలత ప్రకారమైతే ఆ పొద్దున ఈ కారులో గుర్తు వెలుగుతుంది, అదీ న్యాయంగానే.

ఇదే లెక్కను తిప్పి చూడండి. గుర్తు వెలిగిందంటే ఒత్తిడి అప్పుడే తగ్గడం మొదలైందని కాదు, తగ్గాల్సినంత తగ్గిపోయిందని. 26, 27 దగ్గర నెలల తరబడి తిరిగే కారులో దీపం వెలగకపోవచ్చు, కానీ టైరు అంచులు అరిగిపోతూనే ఉంటాయి. పైగా కొన్ని కార్లలో చక్రం లోపల సెన్సరే ఉండదు. గాలి తగ్గిన చక్రం కాస్త చిన్నదై మిగతావాటికంటే ఎక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లెక్కల నుంచి ఆ తేడాను పసిగడతారు. నాలుగు టైర్లూ ఒకేసారి సమానంగా తగ్గితే పసిగట్టడానికి తేడా ఏమీ దొరకదు.

నా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది. చలి నాలుగు టైర్లనూ ఒకేలా తాకుతుంది. రబ్బరు గుండా గాలి పోవడమూ నాలుగింటిలో దాదాపు సమానమే. నాలుగూ కలిసి తగ్గితే అది వాతావరణం. మూడు 30 దగ్గరుండి ఒకటే 25 చూపిస్తే అది లీకు. తగ్గిన టైరును మిగతా మూడింటితో పోల్చి చూడకుండా చెప్పే ఏ నిర్ధారణా నమ్మదగ్గది కాదు.

నీళ్ల తొట్టికి దొరకని బుడగ

ఒక్క టైరే తగ్గుతోందని తేలింది. షాపులో మాత్రం పంచర్ లేదంటున్నారు. వాళ్లు సరిగ్గా చూడలేదనేయడం తేలిక. కానీ లీకు ఎంత చిన్నదో లెక్క కడితే వాళ్ల కష్టం అర్థమవుతుంది.

మామూలు హ్యాచ్‌బ్యాక్ టైరు లోపలి ఖాళీ సుమారు 30 లీటర్లు. అందులో ఒక పీఎస్ఐ తగ్గిందంటే, బయటి గాలి లెక్కన దాదాపు రెండు లీటర్లు పోయినట్టు. వారానికి ఐదు పాయింట్లు తగ్గే టైరు వారంలో పది లీటర్లు వదులుతుంది. వారానికి 10,080 నిమిషాలు. అంటే నిమిషానికి ఒక్క మిల్లీలీటరు. ఐదు మిల్లీమీటర్ల బుడగలుగా వస్తే నిమిషానికి పదిహేను, నాలుగు సెకన్లకొకటి. వారానికి ఒకే పాయింటు తగ్గే టైరులో ఇరవై సెకన్లకొక బుడగ.

షాపులో కుర్రాడు ఏం చేస్తాడో గమనించండి. టైరును తొట్టిలో నిలబెట్టి రెండు చేతులతో తిప్పుతాడు. ఒక చుట్టుకు అర నిమిషం పడుతుంది. టైరులో ఏ భాగమైనా నీళ్లలో ఉండేది కొన్ని సెకన్లే. ఆ కొన్ని సెకన్లలోనే బుడగ రావాలి, అది గాడిలో అతుక్కున్న గాలి బుడగల మధ్య అతని కంట పడాలి. పైగా చాలాసార్లు టైరును గాలి దిగిన స్థితిలోనే, ఇరవైయో ఇరవై రెండో ఉండగా ముంచుతారు. లోపల ఒత్తిడి తక్కువుంటే వచ్చే బుడగలూ తగ్గుతాయి. అదే టైరులో కంపెనీ అనుమతించే గరిష్ఠ ఒత్తిడి దాటకుండా గాలి పెంచి, చక్రాన్ని పడుకోబెట్టి, చిక్కటి సబ్బు నీళ్లు బ్రష్షుతో పూసి పది నిమిషాలు వదిలేస్తే కథ మారుతుంది. సబ్బు పొర బుడగను పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఒకదాని మీద ఒకటి చేరి, లీకున్నచోట ఆవగింజలంత తెల్లటి నురగ గుత్తి కడుతుంది. తొట్టిలో జారిపోయిన లీకు ఇక్కడ తనంతట తనే బయటపడుతుంది. కాకపోతే బేరాలు ఎక్కువగా ఉన్న షాపులో పది నిమిషాలు కేటాయించడం కష్టం.

టైరుతో పాటు రిమ్ము కూడా గాలి సంచిలో ఒక గోడే

పాత రకం టైరులో గాలిని పట్టి ఉంచేది ట్యూబు. రిమ్ము తుప్పు పట్టినా, సొట్టపోయినా ట్యూబు బాగుంటే చాలు. ట్యూబ్‌లెస్‌లో ఆ బాధ్యత మూడు చోట్లకు పంచుకుపోయింది: టైరు, వాల్వు, రిమ్ము. టైరు అంచు రిమ్మును ఒత్తుకునే గీత కూడా ఇప్పుడు ఒక అతుకే. పంచర్ అనగానే మనమంతా టైరు వైపే చూస్తాం కాబట్టి మిగతా చోట్ల లీకులు ఎక్కువ కాలం దొరక్కుండా ఉండిపోతాయి.

టైరులో గుచ్చుకున్న మేకు లేదా స్క్రూ సంగతి తెలిసిందే. తెలియనిది ఏంటంటే, మేకు అలాగే ఉన్నంతకాలం చిల్లును అదే మూసి ఉంచుతుంది. అందుకే వారాల తరబడి రోజుకు అర పాయింటు చొప్పున తగ్గుతూ, ఒకరోజు హైవే మీద మేకు ఊడిపోగానే ఒక్కసారిగా దిగిపోతుంది. పాతగా వేసిన పంచర్ స్ట్రిప్ (చిల్లులో దూర్చే జిగురు తాడు ముక్క) వదులై మళ్ళీ లీకవడమూ మామూలే.

వాల్వులో రెండు భాగాలు. మధ్యలో మరతో బిగించే చిన్న పిన్ను ఒకటి. ష్రేడర్ పేరుతో 1893లో అమెరికాలో పేటెంట్ పొందిన వాల్వు రూపమే ఇవాళ్టికీ కార్లలో నడుస్తోంది. పిన్ను కింద ఇసుక రేణువు చేరినా, దాని చిన్న రబ్బరు అరిగినా గాలి పోతుంది. ఉమ్మి పెట్టి బుడగ వస్తుందేమో చూసే మన పంచర్ షాపుల పద్ధతి దీన్ని బాగానే పట్టిస్తుంది. రెండో భాగం రిమ్ము రంధ్రంలో కూర్చునే రబ్బరు కాడ. ఎండకు, వయసుకు దాని మొదట్లో బీటలు పడతాయి. నిటారుగా ఉన్నప్పుడు బీట మూసుకుని, వేళ్లతో పక్కకు వంచితే తెరుచుకుంటుంది. బండి వేగంగా పోతుంటే చక్రం తిరిగే ఊపుకి కాడ బయటికి వంగుతుంది కాబట్టి, ఇంటి దగ్గర నిలబెట్టినప్పుడు బాగుండి ప్రయాణంలో మాత్రమే తగ్గే లీకు ఇక్కడిదని అనుమానించవచ్చు. టైర్లు మార్చినప్పుడు పాత వాల్వులనే ఉంచేయడం కొద్ది రూపాయల దగ్గర చేసే పొదుపు. ఒత్తిడి సెన్సర్లు అమర్చిన లోహపు వాల్వులకు ఇంకో ఇబ్బంది: అల్యూమినియం కాడలో మామూలు ఇత్తడి పిన్ను వేస్తే రెండు లోహాల మధ్య తుప్పు మొదలై పిన్ను లోపలే బిగుసుకుపోతుంది. వాటికి నికెల్ పూత ఉన్న పిన్నులే వాడతారు.

ఇక అసలు దొంగ బీడు. టైరు లోపలి అంచులో తీగల కట్ట చుట్టూ రబ్బరు పోసిన దళసరి భాగమిది. గాలి ఒత్తిడికి ఇది రిమ్ము మీది వాలు అంచుకు గట్టిగా ఒత్తుకుని కూర్చుంటుంది. మధ్యలో జిగురు లేదు, వాషర్ లేదు. రబ్బరు, లోహం నేరుగా తాకడమే అతుకు. అలాయ్ వీల్ మీది పూత ఎక్కడైనా గీరుకుపోతే (బ్యాలెన్సింగ్ కోసం అంచుకు కొట్టే బరువులూ ఇందుకు కారణమే) తేమ లోపలికి పోతుంది. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు. తెల్లటి గరుకు పొడిలా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు పూతను పొరలు పొరలుగా లేపుతుంది. వెంట్రుక మందం చాలు, బీడు కింద గాలికి దారి ఏర్పడటానికి. విశాఖపట్నం, కాకినాడ లాంటి ఊళ్లలో సముద్రపు ఉప్పు గాలికి ఈ జబ్బు త్వరగా వస్తుంది. ఇనుప డిస్కుల్లో అదే పని మామూలు తుప్పు చేస్తుంది.

బీడు లీకుకు ఇంకో చికాకు ఉంది. బండి బరువు మీద ఉన్నప్పుడు టైరు కింది భాగం నలిగి, బీడు ఒకవైపు కాస్త కదులుతుంది. అలాంటప్పుడు మాత్రమే తెరుచుకునే దారి, చక్రం విప్పి తొట్టిలో ముంచగానే మూసుకుపోవచ్చు. ఒకచోట పార్క్ చేసిన రాత్రి ఐదు పాయింట్లు పోయి, మర్నాడు రాత్రి ఏమీ పోకపోతే చాలామంది తికమకపడతారు. లీకున్న భాగం ఆ రాత్రి కిందికి వచ్చిందా లేదా అన్నదే తేడా అయి ఉండవచ్చు.

దీనికి వైద్యం టైరు బయట జరగదు. బీడును రిమ్ము నుంచి విడదీసి, ఆ వాలు అంచును చుట్టూతా ఎమిరీ కాగితంతోనో వైర్ బ్రష్షుతోనో మెరిసే లోహం వచ్చేదాకా రుద్ది, టైరు అంచుకు అంటిన పొడిని తుడిచి, బీడ్ సీలర్ (సందులు మూసే పూత) పూసి మళ్ళీ ఎక్కిస్తారు. శుభ్రం చేయకుండా సీలర్ దళసరిగా పూసేస్తే కొన్నాళ్లు ఆగుతుంది. తుప్పు దాని కింద పెరుగుతూనే ఉంటుంది కాబట్టి లీకు తిరిగొస్తుంది.

స్ట్రిప్పా, మష్రూమా

టైరు నడిమి భాగంలో చిల్లు దొరికితే రెండు దార్లున్నాయి. మన దగ్గర ఎక్కువగా జరిగేది స్ట్రిప్: టైరు విప్పకుండా బయటి నుంచే మేకు పీకి, ఆకురాయి లాంటి సూదితో చిల్లును గరుకు చేసి, జిగురు పట్టిన తాడు ముక్కను దూర్చేస్తారు. రెండోది మష్రూమ్: టైరు విప్పి, లోపలి పొరను సాన పట్టి, పుట్టగొడుగు ఆకారంలో ఉన్న ముక్కను లోపలి నుంచి లాగి అంటిస్తారు. కాడ చిల్లును నింపుతుంది, గొడుగు లోపలి పొరను మూస్తుంది.

టైర్ల తయారీదారుల మాట స్పష్టం. అమెరికాలో వాళ్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం టైరు విప్పి లోపల చూడకుండా చేసేది రిపేరే కాదు; చిల్లు 6 మిల్లీమీటర్లు దాటకూడదు; నడిమి భాగంలోనే ఉండాలి; చిల్లును నింపే ప్లగ్ ఒక్కటే సరిపోదు, లోపలి పొరను మూసే ప్యాచ్ కూడా ఉండాలి. బ్రిటన్‌లో బీఎస్ ఏయూ 159 ప్రమాణం కూడా నడిమి మూడొంతుల భాగానికే చిన్న రిపేర్లను పరిమితం చేస్తుంది. దీని వెనక కారణం ఉంది. బయటి నుంచి దూర్చిన స్ట్రిప్ చిల్లును నింపుతుందే కానీ లోపలి గాలి పొరను అతికించదు. అక్కడి నుంచి గాలి, తేమ టైరులోని ఉక్కు తీగల మధ్యకు చేరితే అవి తుప్పు పడతాయి. పైగా గాలి దిగిన టైరు మీద కాస్త దూరం నడిపి ఉంటే పక్క గోడ లోపలి నుంచి నలిగి నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. ఆ పొడి కనిపించిన టైరు పనికి రాదు. విప్పితేనే అది కనపడేది.

స్ట్రిప్ వైపు వాదనా తీసిపారేసేది కాదు. రాత్రిపూట హైవే పక్కన పది నిమిషాల్లో కుటుంబాన్ని మళ్ళీ బండెక్కించేది అదే. నిటారుగా దిగిన సన్నటి మేకు చిల్లుకు వేసిన స్ట్రిప్ టైరు అరిగేదాకా నిలిచిన సందర్భాలు కోకొల్లలు. మష్రూమ్ కూడా చేతి పనే. లోపలి పొరను ఎక్కువ సాన పడితే పొరే తెగిపోతుంది, జిగురు ఆరకుండా అంటిస్తే ఊడుతుంది. ఊళ్లో తిరిగే బండికి, నడిమి భాగంలో సన్నటి చిల్లుకు స్ట్రిప్ గడిచిపోతుంది. విజయవాడ హైవే మీద నిండు లోడుతో గంటకు వంద వేగంతో పోయే కారుకు మష్రూమే సరైనదని నా అభిప్రాయం. పక్క గోడ విషయంలో మాత్రం రెండు పక్షాలకూ తేడా లేదు. అక్కడ ఉక్కు తీగల పట్టీలు ఉండవు, ప్రతి చుట్టుకూ అది వంగి లేస్తుంది, ఏ అతుకూ నిలవదు.

జెల్, నైట్రోజన్ దేనికి పనికొస్తాయి

పంచర్ కాకుండా టైరులో ముందే పోసే జెల్, చక్రం తిరిగే ఊపుకి టైరు నడిమి భాగం లోపల పరుచుకుంటుంది. అక్కడ మేకు దిగితే చిల్లును మూస్తుంది. తన పని అది చేస్తుంది. కానీ వాల్వు, బీడు, రిమ్ము పగులు దాని దారిలో లేవు. అక్కడి లీకుకు జెల్ పోయించి తగ్గలేదని బాధపడటంలో అర్థం లేదు. కొన్ని జెల్‌లు సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తాయి, వేగంలో బ్యాలెన్సింగ్ తప్పేలా చేస్తాయి, తర్వాత మష్రూమ్ వేయాలంటే లోపలంతా కడగాలి. స్టెప్నీ లేని కారులో ఒంటరిగా దూరాలు పోయేవారికి ఈ ఇబ్బందులు భరించదగ్గవే కావచ్చు.

నైట్రోజన్ సంగతికి కొలిచిన అంకెలున్నాయి. మనం పట్టించే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. రబ్బరు గుండా ఆక్సిజన్ త్వరగా పోతుంది, నైట్రోజన్ నెమ్మదిగా పోతుంది. అమెరికా వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 31 రకాల టైర్లను 30 పీఎస్ఐ నింపి ఏడాది పాటు ఆరుబయట ఉంచితే, మామూలు గాలి ఉన్నవి సగటున 3.5 పాయింట్లు, నైట్రోజన్ ఉన్నవి 2.2 పాయింట్లు తగ్గాయి. తేడా నిజమే, ఏడాదికి 1.3 పాయింట్లు. చలికి తగ్గే ఒత్తిడి మాత్రం రెండింటికీ ఒకటే. చిల్లు గుండా పోయేటప్పుడూ పెద్ద తేడా ఉండదు. వారానికి ఐదు పాయింట్లు తగ్గే టైరుకు నైట్రోజన్ మందు కాదు.

అలాయ్ పగిలితే

వానాకాలం గుంతల తర్వాత మొదలైన లీకైతే చూపు రిమ్ము లోపలి అంచు మీదికి పోవాలి. బయటి వైపు రిమ్ముకు స్పోకుల ఆసరా ఉంటుంది. కారు కిందికి ఉండే లోపలి అంచుకు అదేమీ లేదు. గుంతలో దెబ్బ తగిలితే మొదట వంగేది, పగిలేది అదే. చక్రం విప్పి తిప్పి చూస్తే తప్ప కనపడదు. ఒక్కోసారి పగులు వెంట్రుకలా ఉండి కంటికి ఆనదు. అప్పుడు ఎర్ర రంగు ద్రవం పూసి తుడిచి, పైన తెల్ల పొడి చల్లుతారు. పగుల్లో ఇంకిన రంగు ఎర్రటి గీతగా పైకి తేలుతుంది. దెబ్బే తగలని చక్రంలో, పోతపోసేటప్పుడు మిగిలిన సూక్ష్మ రంధ్రాల గుండా గాలి చెమర్చడం కూడా ఉంది. దాన్ని లోపలి వైపు నుంచి సీలర్ పూసి మూయడానికి కొన్ని కంపెనీల సర్వీసు సూచనలు అనుమతిస్తాయి.

పగులుకు వెల్డింగ్ చేయించాలా, రిమ్ము మార్చాలా అన్నది తేలని వాదం. అలాయ్ చక్రాన్ని పోతపోశాక వేడి చేసి చల్లబరిచి గట్టిదనం తెప్పిస్తారు. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఆ గట్టిదనం పోతుంది, పగులు పక్కనే మళ్ళీ మొదలవచ్చు. చక్రాల కంపెనీలు వద్దనేది అందుకే. ఒక్క రిమ్ము ఖరీదు వేలల్లో, పాత మోడల్‌కు జత దొరకని పరిస్థితిలో, వెల్డింగ్ చేయించి ఏళ్లుగా తిరుగుతున్న బండ్లూ కనిపిస్తాయి. రెండు మాటల్లోనూ నిజముంది కాబట్టి తేల్చేది పగులు ఉన్న చోటే. లోపలి అంచు పెదవి మీద ఉన్న చిన్న పగులును నేర్పున్నవాడు టైరు పూర్తిగా విప్పి, పగులు చివరిదాకా తొలిచి వెల్డింగ్ చేసి, నునుపు పట్టి, రిమ్ము గుండ్రంగా ఉందో లేదో మెషిన్ మీద సరిచూసి ఇస్తే, దాన్ని వెనక చక్రానికో స్టెప్నీకో వాడుకునేవారున్నారు. పగులు స్పోకు మొదట్లోనో బోల్టుల దగ్గరో ఉంటే అక్కడ బండి బరువంతా మోసేది ఆ లోహమే. దాన్ని అతికించమని ఏ మంచి మెకానిక్ చెప్పడు.